‘ఏం కాదు’ అనే మాట

బస్సులు ఆగే చోటికి ఎదురుగా, మూడంతస్తుల మేడ మెట్ల కింద మిగిలిపోయిన మూలే తాళాల మేస్త్రి కొట్టు. లోపల నిటారుగా నిలబడితే నెత్తికి మెట్టు తగులుతుంది. అందుకే పాతికేళ్లుగా ఆయన కాస్త వంగే నిలబడతాడు. ఆరుబయట నడిచేటప్పుడు కూడా ఆ వంపు పోదు. గోడనిండా మేకులు, మేకులకు ఇంకా పళ్లు కోయని తాళంచెవులు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. బల్ల మీద చెవులు కోసే మిషను, దాని చుట్టూ ఇత్తడి పొడి. సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆ పొడి ఆయన కనుబొమల్లో కూడా మెరుస్తుంటుంది.

పనిలో ఆయనకు మంచి పేరుంది. చెవి లోపల మరిచి తలుపు లాగేసుకున్నవాళ్లు, పొయ్యి మీద పాలు పెట్టి గుమ్మం బయట ఇరుక్కుపోయి గగ్గోలు పెట్టేవాళ్లు, ఎవరు పిలిచినా చిన్న తోలుసంచి భుజాన వేసుకుని వస్తాడు. తలుపుకు చెవి ఆనించి, సన్నని కడ్డీ తాళంలోకి దూర్చి, ఊపిరి బిగబట్టి వింటాడు. "పగలగొట్టేద్దాం మేస్త్రీ, అవతల తొందర" అని ఎవరైనా అంటే, "తాళాన్ని బతిమాలుకోవాలండీ. బెదిరిస్తే ఇంకా బిగుసుకుంటుంది" అంటాడు. కళ్లద్దాల దుకాణంలో పనిచేసే ఆయన భార్య మాత్రం, "ఊళ్లో తలుపులన్నీ తెరుస్తారు గానీ ఇంట్లో నోరు తెరవరు" అని నవ్వుతుంది.

వాళ్లకు ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉందని నానమ్మ ‘పిచ్చుక’ అని పిలిచింది. ఆ పేరే ఖాయమైపోయింది. పిచ్చుక మూడేళ్లకు నడిచింది. అయిదేళ్లకు మొదటి మాట అంది. ఆ మాట ‘అమ్మ’ కాదు, ‘నాన్న’ కాదు, ‘టక్’. తండ్రి కొట్టులో గడియ పడిన చప్పుడు అది. ఆ ఏడాదే డాక్టర్లు పాప రక్తం ఎక్కడికో పంపించి పరీక్ష చేయించారు. ఒక క్రోమోజోములో చిన్న ముక్క లోపించిందని తేలింది. దానికి పేరు కూడా లేదు, కొన్ని అంకెలు, కొన్ని అక్షరాలు. పళ్లు కోయని తాళంచెవుల మీద కొట్టి ఉండే నంబరులా అనిపించింది మేస్త్రికి.

"ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉంటారండీ?" అని అడిగాడు.

"చాలా అరుదు. నా ఇన్నేళ్ల సర్వీసులో మీ పాపే మొదటిది" అన్నాడు వాళ్లలో పెద్ద డాక్టరు.

మేస్త్రి ఆ పరీక్ష కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. పిల్ల తన తీరున తాను పెరిగింది. పొట్టి పొట్టి మాటలతో సరిపెట్టుకుంటుంది. సెలవురోజు కొట్టులో కూర్చోబెడితే తాళంచెవులన్నీ సైజువారీగా పేర్చేస్తుంది. ఒకటి తేడాగా ఉంటే చాలు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి పక్కన పడేస్తుంది. ఎనిమిదో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. ఆ మందు ఒంట్లో ఎంత ఉందో చూడడానికి ఆరు నెలలకోసారి రక్తం తీయాలి. ఏడుస్తూనో, అలుగుతూనో, ఎలాగోలా తీయించుకునేది.

పదకొండో ఏట అలా జరగలేదు. ఆ రోజు సూది చూడగానే కుర్చీలోంచి జారి పారిపోబోయింది. నలుగురు పట్టుకున్నారు. ఇద్దరు చేతులు, ఒకరు తల, కాళ్లు మాత్రం తండ్రి. "ఏం కాదమ్మా, ఏం కాదు, ఊరికే చూస్తారంతే" అంటూనే ఆయన తన బరువంతా వేసి ఆ సన్నని పిక్కల్ని అదిమిపట్టాడు. సూది మూడుసార్లు గుచ్చాక గానీ నరం దొరకలేదు. ఇంటికి వచ్చేదాకా పిల్ల ఏడవలేదు, మాట్లాడలేదు. అదొక్కటే ఆయనకు వింతగా అనిపించింది. మర్నాడు మర్చిపోయాడు.

పిచ్చుక మర్చిపోలేదు.

ఆ వారం నుంచే మొదలైంది. కళ్లు తెరవగానే, "నాన్నా, ఇవాళ ఏమవుతుంది?"

"ఏం కాదు" అనేవాడు మేస్త్రి.

రెండు నిమిషాలకు మళ్లీ. "ఇవాళ ఏమవుతుంది?" పళ్లు తోముకుంటూ, జడ వేయించుకుంటూ, మెట్లు దిగుతూ. పొద్దుట గంటన్నరలో నలభైసార్లు. మొదట్లో నవ్వుకున్నారు, తర్వాత విసుక్కున్నారు. "ఏం కాదని చెప్పానా లేదా!" అని ఒక్కోసారి ఆయన కసిరేవాడు. ఎన్నిసార్లు ఏం కాదంటే అన్నిసార్లు పిల్ల గోళ్ల పక్క చర్మం పీక్కునేది. స్కూలు వేళకు కడుపునొప్పి. వ్యాను హారన్ వినబడితే వాంతి. తర్వాత తర్వాత స్నానాల గదిలో దూరి గడియ వేసుకోవడం మొదలుపెట్టింది.

తాళాల మేస్త్రి ఇంట్లో గడియ ఒక లెక్కా? ఆయన సన్న కడ్డీతో అరనిమిషంలో తెరిచి, పిల్లని ఎత్తుకుని తీసుకెళ్లి వ్యాను ఎక్కించేవాడు. ఒకసారి చెయ్యి కొరికింది. ఆ గాటు నెలరోజులు ఉంది. అయిదారుసార్లు అలా తెరిచాక పిచ్చుక గడియ వేయడం మానేసింది. దానికి బదులు తలుపుకు వీపు ఆనించి కూర్చోవడం నేర్చుకుంది. అన్నం తినేటప్పుడైనా, బొమ్మలు గీసేటప్పుడైనా, ఏదో ఒక తలుపుకు వీపు ఆనాల్సిందే.

"గారాబం ఎక్కువైంది. మొండికేస్తోంది, అంతే" అంది నానమ్మ.

"క్లాసులో కూడా అంతేనండీ. పిలిస్తే రాదు, అడిగితే చెప్పదు. మొండితనం" అంది స్కూలు టీచరు.

పాత డాక్టరు కాగితాలు తిరగేసి, "ఆ జన్యులోపం ఉన్న పిల్లలు ఇలాగే ఉంటారేమో. అందులో భాగమే అనుకోండి" అన్నాడు. ఆ మాటతో ఇంట్లో అందరి నోళ్లూ మూతపడ్డాయి. పుట్టుకతో వచ్చినదానికి ఎవరేం చేస్తారు? ఒక్క తల్లి మాత్రం ఓ మధ్యాహ్నం అంది: "ఏవండీ, పుట్టుకతోనే ఉంటే పదకొండేళ్లు ఎక్కడికి పోయింది? నాకైతే పిల్ల భయపడుతోందనిపిస్తోంది."

"దేనికి భయం? మనం లేమా?" అన్నాడాయన. ఆ మాట అక్కడితో తెగిపోయింది.

ఇలా ఏడాదిన్నర. రక్తం తీయించే గడువు మూడుసార్లు దాటిపోయింది. తీసుకెళదామంటే ఇద్దరికీ ధైర్యం లేదు. ఇంతలో ఒకే నెలలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. రెండోసారి పిల్ల వంటింటి గచ్చు మీద పడి, పెదవి చిట్లి, మూడు నిమిషాల దాకా తేరుకోలేదు. ఆ మూడు నిమిషాలూ తల్లి గోడగడియారం వంక చూస్తూ లెక్కపెట్టింది. ఇక వాయిదా వేసే వీల్లేదు. పిల్లల ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దగ్గర అపాయింట్‌మెంటు తీసుకున్నారు.

పిచ్చుకకు చెప్పాలా, వద్దా? చెబితే ఇల్లు కదలదు. చెప్పకపోతే అక్కడ గొడవ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి మేస్త్రే తేల్చాడు. "ఆసుపత్రి హాల్లో పెద్ద గాజుతొట్టి ఉందిగా, చేపలు చూద్దాం రా అందాం. పైకి వెళ్లాక చూసుకుందాం."

ఆ రోజు పదకొండు గంటలకు చేపలు చూశారు. పిల్ల గాజుకు ముక్కు ఆనించి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. లిఫ్టులో మూడో అంతస్తుకు వచ్చారు. తలుపులు తెరుచుకోగానే స్పిరిటు వాసన కొట్టింది. ఎదురుగా ఒక గదిలో ఎవరి చేతికో నీలం రబ్బరు పట్టీ కడుతున్నారు.

పిచ్చుక తండ్రి చెయ్యి విదిలించుకుంది. వరండా పొడుగునా పరుగు. చివర ఒక తలుపు తెరిచి ఉంటే అందులోకి దూరింది. తలుపు దబ్బున పడింది. లోపల ‘టక్’ మంది.

చిన్న మరుగుదొడ్డి అది. కిటికీ లేదు. తలుపు లోపలికి తెరుచుకునే రకం. కింద వేలు దూరేంత సందు. మేస్త్రి పరుగున వచ్చి, ఎప్పుడూ భుజాన ఉండే తోలుసంచి నేల మీద పెట్టి, తలుపు గుబ్బ వంక చూశాడు. లోపలివైపు బొత్తాం నొక్కితే పడే తాళం. బయట గుబ్బ మధ్యలో గుండుసూది పట్టేంత రంధ్రం. సన్నని కడ్డీ దూర్చి నొక్కితే అయిపోయింది. పది సెకన్ల పని.

కడ్డీ తీశాడు. అది సంచిలో మిగతా సామానుకు తగిలి ‘క్లింగ్’ మంది.

లోపల పిల్ల ఒక్కసారిగా అరిచింది. అది మారాం చేసే అరుపు కాదు. గొంతులోంచి కాదు, కడుపులోంచి వచ్చినట్టుంది. దాంతోపాటు తలుపు అదిరింది. వీపు ఆనించి కాళ్లతో తన్నిపట్టి కూర్చుంది.

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో అయిదారుసార్లు ఇదే చప్పుడు వినిపించాడు తను. ఈ చప్పుడు వినబడ్డాక ఏం జరుగుతుందో ఆ పిల్లకు తెలుసు. తలుపు తెరుచుకుంటుంది. చేతులు వస్తాయి.

కాపలా మనిషి వచ్చాడు. వెనక ఓ నర్సు. "జరగండి సార్, భుజంతో ఒక్క తోపు తోస్తా" అన్నాడు కాపలా మనిషి.

"ఆగు! తలుపుకే ఆనుకుని ఉంది పిల్ల. తలకు తగుల్తుంది."

"ఏమ్మా, పాపకు ఫిట్స్ వస్తాయా?" అని నర్సు తల్లిని అడిగింది. తల్లి తల ఊపింది. "అయితే లోపల ఒంటరిగా ఉండకూడదు. వెంటనే తియ్యాలి."

అందరి చూపులూ మేస్త్రి చేతిలోని కడ్డీ మీద ఉన్నాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, తలుపుకు నోరు దగ్గరగా పెట్టి మెల్లగా అన్నాడు: "ఏం కాదమ్మా. ఏం కాదు. తలుపు తియ్యి."

అరుపు రెట్టింపయింది. తలుపు దడదడలాడింది. "వద్దు వద్దు వద్దు!"

మేస్త్రి చేతుల్లో ఏడాదిన్నర కిందటి పిక్కలు కొట్టుకుంటున్నట్టనిపించింది. ఏం కాదమ్మా, ఏం కాదు, ఊరికే చూస్తారంతే. ఆ మాట అంటూనే కదా అదిమిపట్టాడు! మిగతావాళ్లకు ఆ మాటకు అర్థం వేరు. తన కూతురికి మాత్రం ‘ఏం కాదు’ అంటే, ఇప్పుడు పట్టుకోబోతున్నారు అని అర్థం. రోజూ పొద్దున్నే పిల్ల అడిగితే నలభైసార్లు చెప్పిన జవాబు అదే. నలభైసార్లు బెదిరించినట్టు.

ఆయన కడ్డీని నేల మీద పెట్టేశాడు. నేలకు బోర్లా పడుకుని, చెంప గచ్చుకు ఆనించి తలుపు కింద సందులోంచి చూశాడు. పిల్ల ఆనుకున్న చోటికి పక్కగా రెండు చిన్న మడమలు కనిపించాయి. వణుకుతున్నాయి. భయంతో వచ్చే వణుకు ఎలా ఉంటుందో, ఫిట్స్ వణుకు ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు. ఇది భయమే.

"ఇవాళ ఏమవుతుంది?" లోపలినుంచి గొంతు. బొంగురుపోయింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్న తననే అడిగినట్టు వినబడింది.

"ఇవాళ సూదితో రక్తం తీయిద్దామని తీసుకొచ్చాం" అన్నాడు. "చేపల కోసమని అబద్ధం చెప్పాను. నీకు చెప్పకుండా తెచ్చాను. తప్పు నాదే."

"ఏవండీ!" అంది భార్య నిర్ఘాంతపోయి. నర్సు నుదురు కొట్టుకుంది.

లోపల అరుపు లేదు. ఎగశ్వాస వినబడుతోంది. చాలాసేపటికి, "గుచ్చుతారా?"

గుచ్చరు అనేస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "నాకు తెలీదురా. డాక్టరమ్మని అడిగి చెప్తాను. అడక్కుండా చెప్పను. అమ్మ వెళ్లి అడుగుతుంది. నేను ఇక్కడే తలుపు బయట కూర్చుంటాను. తలుపు ముట్టుకోను. విన్నావా? విన్నట్టయితే ఒకసారి కొట్టు."

లోపలినుంచి వేలి కణుపుతో ఒక చిన్న చప్పుడు.

తల్లి పరిగెత్తింది. డాక్టరమ్మ తనే వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి, జుట్టు పెన్సిలుతో ముడిచుట్టుకుని ఉంది. వచ్చీరాగానే తలుపు కొట్టలేదు, పిలవలేదు. మేస్త్రి పక్కనే నేల మీద చతికిలబడింది. జరిగినదంతా ఆయన గుసగుసగా చెబితే వింది.

"ఇవాళ తీయకపోతే ప్రమాదమా అండీ?" అని అడిగాడు.

ఆమె కాగితాలు చూసింది, ఫిట్స్ వచ్చిన తేదీలు అడిగింది. "పది రోజులు ఆగొచ్చు. అంతకుమించి నేను ఒప్పుకోను."

మేస్త్రి సందు దగ్గరికి వంగాడు. "పిచ్చుకా, అడిగాను. ఇవాళ గుచ్చరు. కానీ ఇంకో రోజు గుచ్చుతారు. అది ఏ రోజో ముందే చెప్తాను. గుచ్చితే నొప్పి పుడుతుంది, కొంచెం. ఎవరూ పట్టుకోరు. విన్నావా?"

చప్పుడు లేదు.

"విన్నావా అమ్మా? ఒకసారి కొట్టు."

లేదు. ఆయన మళ్లీ గచ్చుకు చెంప ఆనించాడు. మడమలు కనిపిస్తున్నాయి. కదలడం లేదు. ఒకటి పక్కకు వాలి ఉంది. అలసి కాళ్లు వదిలేసిందా? లేక... వంటింటి గచ్చు మీద ఫిట్స్ ఆగిన తర్వాత కూడా కాళ్లు ఇలాగే వాలిపోయాయి. ఊపిరి వినబడుతుందేమోనని చెవి పెట్టాడు. లోపల ఎక్కడో కుళాయి కారుతోంది. ఇంకేం లేదు.

"తీసెయ్యండి" అంది తల్లి. "నాకు భయంగా ఉంది, తీసెయ్యండి."

డాక్టరమ్మ కూడా లేచి మోకాళ్ల మీద కూర్చుంది. "ఇంకో అరనిమిషం చూద్దాం. తర్వాత తప్పదు."

తలుపు ముట్టుకోనని చెప్పి పావుగంట కాలేదు. చెప్పిన మాట తప్పితే ఇక ఈ జన్మలో తన మాటకు విలువుండదు. తప్పకపోతే, లోపల పిల్ల...? ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడం అంటే ఏమిటో ఆయనకు అప్పుడు తెలిసింది.

"పిచ్చుకా" అన్నాడు. "నువ్వు కొట్టలేదు. నీకు బాలేదేమోనని నాకు భయమేస్తోంది. నాకే, విన్నావా? భయం నాకు. అందుకని తాళం వదులు చేస్తాను. తలుపు మాత్రం తొయ్యను. మూడు చప్పుళ్లు వినిపిస్తాయి. ఇనుము తీసిన చప్పుడు ఒకటి. గుబ్బలో పెట్టిన చప్పుడు ఒకటి. ఆఖర్న టక్. అంతే. తర్వాత ఎవరూ లోపలికి రారు."

కడ్డీ తీశాడు. "ఇది ఒకటి." రంధ్రంలో పెట్టాడు. "ఇది రెండు." పాతికేళ్లలో ఎన్ని వేల తాళాలు తీసి ఉంటాడో, ఎన్నడూ వేళ్లు ఇలా చెమర్చలేదు. నొక్కాడు. ‘టక్’.

చేతులు రెండూ వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. తలుపు కదల్లేదు. కాపలా మనిషి ఒక అడుగు ముందుకు వేస్తే డాక్టరమ్మ చెయ్యి అడ్డంపెట్టింది. ఒకటి, రెండు, మూడు... తల్లి పెదాలు లెక్కపెడుతున్నాయి.

పదకొండు దగ్గర, లోపలినుంచి ఎవరో బొత్తాం నొక్కారు. ‘టక్’.

పిచ్చుక మళ్లీ తాళం వేసుకుంది.

మేస్త్రి నవ్వాడో ఏడ్చాడో పక్కనున్నవాళ్లకు తెలియలేదు. గోడకు జారగిలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. కనుబొమల్లో మిగిలిపోయిన ఇత్తడి పొడి చెమటతో చెంపల మీదికి కారింది. "వేసుకో తల్లీ" అన్నాడు. "కావలసినంతసేపు వేసుకో. నేను తియ్యను."

డాక్టరమ్మ వరండాలో జనాన్ని పంపించేసింది. కాపలా మనిషి వెళ్తూ వెళ్తూ, "నా సర్వీసులో తలుపు వేసినందుకు సంతోషించిన తండ్రిని చూళ్లేదు" అని గొణిగాడు. అక్కడ ముగ్గురే మిగిలారు. ఎవరూ పిలవలేదు, బుజ్జగించలేదు. అప్పుడప్పుడు లోపలినుంచి ప్రశ్న వచ్చేది. "ఇవాళ ఏమవుతుంది?" ఆయన ప్రతిసారీ అదే వరస చెప్పేవాడు. "నువ్వు బయటికి వస్తావు. లిఫ్టులో దిగుతాం. బస్సెక్కుతాం. ఇంటికెళ్తాం. సూది లేదు." ఏడోసారి చెప్పాక ప్రశ్న ఆగింది.

మొత్తం గంటా ఇరవై నిమిషాలు. చివరికి గుబ్బ దానంతట అదే తిరిగింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. అందులో ఒక కన్ను.

"నాన్నా, కాళ్లు తిమ్మిరెక్కాయి."

"నాకూ ఎక్కాయి" అన్నాడు మేస్త్రి. ఆయన నిజంగానే లేవలేకపోయాడు. భార్య ఇద్దరికీ చెరో చెయ్యి ఇవ్వాల్సివచ్చింది.

మర్నాడు మొగుడూ పెళ్లాలిద్దరూ డాక్టరమ్మను కలిశారు. "ఇది ఆ జబ్బులో భాగమేనన్నారండీ ఇదివరకు" అన్నాడు మేస్త్రి.

"జన్యువుల్లో లోపం వల్ల ఇలాంటి పిల్లలకు భయం తొందరగా పట్టుకోవచ్చు, చెప్పుకోవడం కష్టం కావచ్చు" అంది ఆమె. "అంతమాత్రాన భయాన్ని వదిలెయ్యకూడదు. ఆ ముక్కను నేను తెచ్చి అతికించలేను. భయాన్ని మాత్రం తగ్గించొచ్చు. కడుపునొప్పి, వాంతి, గోళ్లు పీక్కోవడం, అడిగిందే అడగడం... ఇవన్నీ పాప మాటలే. మనకు వినబడలేదు."

తల్లి తలదించుకుని మొగుడి వంక చూడకుండానే అంది: "నేను చెప్పాను." అంతే అంది.

పది రోజుల్లో ఒక్క రోజు కూడా వృథా కాలేదు. తల్లి గోడకు పది చిన్న కాగితాలు అంటించింది. ప్రతి కాగితం మీద ఆ రోజు ఏమవుతుందో బొమ్మ. పదోదాని మీద సూది. దాన్ని దాచలేదు. పిల్ల మొదటి రోజే ఆ కాగితం చించి పారేసింది. తల్లి మళ్లీ గీసి అంటించింది. రెండోసారి చించలేదు గానీ దానికి వీపు పెట్టి కూర్చుంది. మూడో రోజు ఆసుపత్రికి వెళ్లి ఊరికే ఆ కుర్చీ చూసి వచ్చారు. ఆరో రోజు కుర్చీలో కూర్చుంది. నీలం పట్టీని తండ్రి చేతికి తనే కట్టింది, ఎంత గట్టిగా కట్టిందంటే ఆయన వేళ్లు కమిలిపోయాయి. ఎనిమిదో రోజు అంతా తలకిందులైంది. కడుపునొప్పి, వాంతి, మంచం కింద దూరడం. ఆ రోజు మేస్త్రి కొట్టు తెరవలేదు. మంచం పక్కన నేల మీద పడుకుని, "ఇవాళ ఏం లేదు. ఎల్లుండి ఉంది" అని ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పాడు.

నానమ్మకు ఇదంతా మింగుడుపడలేదు. "పసిపిల్లకు ముందే చెప్పి హడలగొడతారట్రా ఎవరైనా? కళ్లు మూసి తెరిచేలోగా గుచ్చేస్తే పోదూ?"

"అలా గుచ్చే కదమ్మా ఇక్కడిదాకా తెచ్చాం" అన్నాడు మేస్త్రి. ముసలావిడ ఇంకేదో అనబోయి, మంచం కిందికి తొంగిచూసి, మనవరాలి మొహం చూసి ఊరుకుంది.

పదో రోజు. రక్తం తీసే అమ్మాయి డాక్టరమ్మ చెప్పినట్టే చేసింది. మోచేతి మడత దగ్గర మొద్దుబార్చే క్రీము ముందే రాశారు. "నువ్వు ఆపు అంటే ఆపేస్తాను" అని మాటిచ్చింది.

పిచ్చుక కుర్చీలో కూర్చుంది. మొహం తెల్లగా పాలిపోయింది. పట్టీ కట్టారు. సూది మూత తీయగానే, "ఆపు!"

అమ్మాయి ఆపింది. సూది పక్కన పెట్టి చేతులు పైకెత్తి చూపించింది. పిల్ల ఆ చేతుల వంక నమ్మలేనట్టు చూసింది.

రెండోసారి. సూది చర్మానికి దగ్గరగా వచ్చింది. "ఆపు!" ఆపింది. బయట వరసలో ఉన్నవాళ్లు సణుగుతున్నారు. ఎవరో తలుపు తట్టారు. పట్టుకుంటే ఒక్క క్షణంలో అయిపోతుంది. మేస్త్రి తన రెండు చేతుల్నీ చంకల కింద బిగించి పెట్టుకున్నాడు.

మూడోసారి పిచ్చుక, "ఇవాళ ఏమవుతుంది?" అంది.

"సూది గుచ్చుతారు. నువ్వు అయిదు లెక్కపెడతావు. తీసేస్తారు."

పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. సూది దిగింది. "ఒకటి, రెండు, మూడు, మూడు, మూడు..." మూడు దాటి వెళ్లలేకపోయింది. దవడ వణుకుతోంది. చెయ్యి మాత్రం కదపలేదు. గాజుగొట్టం నిండింది. అమ్మాయి దూది అద్ది, "అయిదు" అంది తనే.

తర్వాత పిచ్చుక చాలా ఏడ్చింది. వరండాలో, లిఫ్టులో, బస్సులో అందరూ తిరిగి చూసేలా ఏడ్చింది. ఈసారి ఏడ్చింది కదా అని తల్లి ఊపిరి పీల్చుకుంది.

మందు ఒంట్లో తక్కువగా ఉందని తేలింది. మోతాదు పెంచారు. ఫిట్స్ తగ్గాయి. భయానికి వేరే చిన్న మాత్ర ఇచ్చారు. వారానికోసారి పిచ్చుక, భయాలకు వైద్యం చేసే ఒకావిడ దగ్గరికి వెళ్లి బొమ్మలతో, కాగితాలతో రేపటి రోజును ముందే చూసుకోవడం నేర్చుకుంటోంది. డాక్టరమ్మ స్కూలుకు ఉత్తరం రాసింది. టీచరు మొదట పెదవి విరిచినా, బోర్డు పక్కన రోజు పట్టిక పెట్టింది. మిగతా పిల్లలకు కూడా అది నచ్చిందని ఇప్పుడు తనే చెబుతుంది. పిచ్చుక వారానికి మూడు రోజులు వెళ్తోంది. పొద్దున ప్రశ్న ఆగలేదు గానీ నలభై కాస్తా ఆరేడుకు దిగింది.

ఇంట్లో స్నానాల గదికి మేస్త్రి కొత్త గడియ బిగించాడు. అవసరమైతే బయటినుంచి కూడా తీయడానికి వచ్చే రకమే. కాకపోతే దాన్ని ఎలా తీస్తాడో, ఏ పరిస్థితిలో తీస్తాడో కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టి పదిసార్లు చూపించాడు. "తీసే ముందు చెప్తాను" అన్నాడు. పిల్ల ఆ మాట నమ్మిందో లేదో రెండు నెలలదాకా తెలియలేదు. ఒకరోజు స్కూలునుంచి వచ్చి, నేరుగా వెళ్లి గది మధ్యలో, ఏ తలుపుకూ ఆనకుండా కూర్చుని బొమ్మ గీసుకుంది. తల్లి వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయి, ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

కథ ఇక్కడితో సుఖాంతం అంటే అబద్ధమే. పోయిన నెలలో పిచ్చుకకు బెలూన్లంటే భయం పట్టుకుంది. ఎక్కడ ఎప్పుడు పేలుతుందో తెలియదు కదా! పక్కింట్లో పుట్టినరోజు జరిగితే మూడు రోజులు గుమ్మం దాటలేదు. మేస్త్రి ఈసారి ఏడాదిన్నర ఆగలేదు. ఆ సాయంత్రమే ఒక బెలూను తెచ్చి, గాలి ఊదకుండా, బల్ల మీద పెట్టాడు.

"ఇవాళ ఏమవుతుంది?" అంది పిచ్చుక, దానికి నాలుగు అడుగుల దూరంలో నిలబడి.

"ఇవాళ ఇది ఇక్కడ ఉంటుంది. నేను ఊదను. రేపు సగం ఊదమంటావా?"

పిల్ల బెలూను వంక చూసింది.

"కాలు" అంది. సగం కాదు, కాలు వంతు.

"సరే, కాలు" అన్నాడు మేస్త్రి.